నీళ్లు చెప్పే లెక్క

కుళాయి కింద బిందె పెట్టి పక్కింటావిడతో మాటల్లో పడిన ఇల్లాలు, బిందె వైపు తల తిప్పకుండానే సరిగ్గా వేళకు చెయ్యి చాచి కుళాయి కట్టేస్తుంది. నీళ్లు అంచు దాకా వచ్చి ఆగుతాయి, ఒక్క చుక్క ఒలకదు. ధ్యాస కబుర్ల మీదే ఉన్నా ఆమె చెవి బిందె దగ్గరే కాపలా ఉంది. ధార పడడం మొదలైనప్పుడు బొంగురుగా, లావుగా మోగిన బిందె, మట్టం పెరుగుతున్నకొద్దీ గొంతు సన్నం చేసుకుంటుంది. నీళ్లు మెడ దగ్గరికి చేరేసరికి ఆ సన్నని మోత గబగబా పైకి ఎగబాకుతుంది. ఆమెకు ఆ గుర్తు చాలు. తల్లిని చూసి కూతురు, కూతురిని చూసి మనవరాలు వినివిని పట్టుకున్న ఒడుపు ఇది. దీన్ని ఎవరూ పాఠంగా చెప్పలేదు, ఎవరూ విద్య కింద జమకట్టలేదు. అయినా అందులో ఉన్నది నికార్సైన భౌతికశాస్త్రం.

ఆ మోత నీళ్లదే అనుకుంటాం. చాలావరకు అది బిందెలో మిగిలి ఉన్న గాలిది. ధార తాకిడికి లోపలి గాలి అదురుతుంది. మెడలో ఉన్న గాలి బరువుగానూ, కడుపులో ఉన్న గాలి స్ప్రింగుగానూ పనిచేస్తాయి. మెడలోని గాలి కిందికి దిగితే కడుపులోని గాలి అణగి దాన్ని పైకి నెడుతుంది. పైకి పోతే పలచబడి మళ్లీ లోపలికి లాగుతుంది. సెకనుకు కొన్ని వందలసార్లు సాగే ఈ రాకపోకలే చెవికి స్వరంగా వినిపిస్తాయి. కడుపులో గాలి తగ్గేకొద్దీ ఆ స్ప్రింగు బిగుస్తుంది, ఊపు వేగం హెచ్చుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్‌జ్ గుండ్రని గుల్ల పాత్రలను చెవికి ఆనించుకుని, సంగీత ధ్వనిలో కలిసిపోయిన స్వరాలను ఒక్కొక్కటిగా ఏరి విన్నారు. 1863లో వెలువడిన ఆయన గ్రంథం స్వరశాస్త్రానికి పునాది వేసింది. ఆయన సూత్రం ప్రకారం లోపలి గాలి నాలుగో వంతుకు తగ్గితే శ్రుతి ఒక స్థాయి పెరుగుతుంది. మధ్యస్థాయి షడ్జమం తారస్థాయి షడ్జమం అవుతుంది.

ధార ఒకే తీరుగా పడుతున్నా చివర్లో స్వరం ఎందుకంత తొందరపడుతుందో కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది. బిందె ఖాళీగా ఉన్నప్పుడు చెంబెడు నీళ్లు పడితే లోపలి గాలిలో తగ్గేది కొంచెమే. నిండబోయే ముందు అదే చెంబెడు నీళ్లు మిగిలిన గాలిలో సగాన్ని బయటికి తోసేస్తాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్యాట్రిక్ కేబ్, జాన్ పిటెంజర్ 2000లో దీని మీదే ఒక పరిశోధన ప్రచురించారు. కళ్లకు గంతలు కట్టుకున్నవారు, చూపు లేనివారు కూడా చప్పుడును బట్టే పాత్రను అంచు వరకు నింపగలరని అందులో తేలింది. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఏనాడో తెలిసిన సంగతికి ప్రయోగశాల సాక్ష్యం దొరికింది.

అవే నీళ్లు జలతరంగం గిన్నెల్లో ఇందుకు ఎదురు కథ చెబుతాయి. అక్కడ విద్వాంసుడు సన్నని పుల్లతో అంచు మీద మీటుతాడు. ఊగేది గాలి కాదు, పింగాణీ గోడ. నీళ్లు పోసేకొద్దీ ఆ గోడ తనతోపాటు మరికొంత బరువును ఊపాల్సి వస్తుంది. అందుకని శ్రుతి దిగుతుంది. కచేరీకి ముందు ఆయన ఒక్కో గిన్నెలో కాసిని నీళ్లు పోస్తూ, కాసిని తీస్తూ స్వరం సరిచూసుకుంటాడు. కొన్ని చుక్కల తేడా కూడా ఆ చెవికి అందుతుంది. నీళ్లు పెరిగితే ఒకచోట శ్రుతి ఎక్కడం, మరోచోట దిగడం విన్నవారికి అసలు సంగతి అర్థమవుతుంది. ఎక్కడ ఏది ఊగుతోందో ఆ స్వరమే చెప్పేస్తోంది.

ఊగే ప్రతి వస్తువూ తన కొలతలు తానే చెప్పుకుంటుంది. ఎంత పొడవు, ఎంత బరువు, ఎంత బిగువు, లోపల ఎంత ఖాళీ అన్నవన్నీ దాని ఊపులో ఇమిడి ఉంటాయి. వినగలిగినవాడికి వినడమే కొలవడం. గాలి, నీరు లాంటి ప్రవాహుల విషయంలో ఈ మాట మరీ నిజం. వాటి కడుపులో జరిగేది కంటికి ఆనదు. వాటి సంగతులు మనకు చేరేది చాలావరకు కంపనాల రూపంలోనే.

రాత్రివేళ కారే కుళాయి కింది బకెట్‌లో టప్ టప్‌మనే చుక్కనే తీసుకుందాం. చుక్క నీటిని కొట్టిన దెబ్బకే ఆ చప్పుడు పుడుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో అనురాగ్ అగర్వాల్ బృందం అతివేగంగా చిత్రాలు తీసే కెమెరాను, నీటి పైన ఒక మైకును, నీటి లోపల మరొక మైకును పెట్టి చూసి 2018లో ఆ గుట్టు విప్పింది. చుక్క తగలగానే నీటి మీద చిన్న గుంట పడుతుంది. ఆ గుంట వెంటనే పూడుకుంటూ అడుగున ఒక గాలి బుడగను బంధిస్తుంది. చుక్క తాకిడి దాదాపు నిశ్శబ్దమే. చిక్కుబడ్డ బుడగ ముడుచుకుంటూ, విచ్చుకుంటూ కంపిస్తుంది. ఆ కంపనం పైనున్న నీటి పొరను ఊపుతుంది. ఆ పొర గాలిని ఊపితే టప్‌మంటుంది. బకెట్ నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ద్రావణం కాస్త కలిపితే నీటి తలతన్యత మారిపోతుంది. చుక్క పడుతూనే ఉంటుంది గానీ చప్పుడు ఉండదు. కారే కుళాయిని బాగుచేసే మనిషి వచ్చేదాకా ఈ చిట్కా నిద్రను కాపాడుతుంది.

బుడగ స్వరానికి లెక్క కట్టినవాడు మార్సెల్ మినార్ట్. నెదర్లాండ్స్‌లో ఖగోళ శాస్త్రవేత్తగా పేరుపొందిన ఆయన, పారే నీటి చప్పుడుకు మూలమేమిటని ఆలోచించి 1933లో ఒక వ్యాసం రాశారు. నీటిలో చిక్కిన ప్రతి గాలి బుడగా ఒక చిన్న వాద్యం. లోపలి గాలి స్ప్రింగు, చుట్టూ ఉన్న నీరు బరువు. వ్యాసార్ధం ఒక మిల్లీమీటరు ఉన్న బుడగ సెకనుకు సుమారు 3,260 సార్లు కంపిస్తుంది. మూడు మిల్లీమీటర్లదైతే ఆ సంఖ్య మూడో వంతుకు పడిపోతుంది. ఏటి ఒడ్డున వినిపించే గలగల అంతా పెద్దా చిన్నా బుడగలు తమ తమ సైజులు ఏకకాలంలో చెప్పుకోవడమే. సముద్రం మీద సన్నని తుంపర పడినప్పుడు నీటి లోపల 15 వేల హెర్ట్‌జ్ దగ్గర ఒక ప్రత్యేకమైన రొద పుడుతుంది. మినార్ట్ లెక్కను తిరగేస్తే ఆ బుడగల వ్యాసార్ధం మిల్లీమీటరులో ఐదో వంతు అని తేలుతుంది. నీటి అడుగున ఉంచిన మైకుతో నడిసముద్రంలో కురిసే వానను కొలిచే పద్ధతి ఇలాంటి ఎరుక నుంచే వచ్చింది.

పొయ్యి మీది ఎసరూ ఇలాగే తన స్థితి చెబుతుంది. మరగడానికి ఇంకా కాస్త వ్యవధి ఉందనగా గిన్నెలోంచి సన్నగా సొద మొదలవుతుంది. అడుగున వేడెక్కినచోట పుట్టిన ఆవిరి బుడగలు పైకి లేచి, ఇంకా చల్లగానే ఉన్న నీటిలోకి రాగానే కుప్పకూలిపోతాయి. ఆ కూలడంలో పుట్టే చప్పుడది. నీళ్లన్నీ సమంగా కాగాక బుడగలు కూలకుండా పైదాకా వచ్చి పగులుతాయి. సొద తగ్గి తెర్లే మోత మొదలవుతుంది. బియ్యం ఎప్పుడు వెయ్యాలో మూత తీయకుండానే తెలిసేది అందుకే. కూలిపోయే బుడగ ఇక్కడ గిన్నెడు నీళ్లలో సొద పెడుతోంది. దీనికి మహాసముద్రాన్ని కల్లోలపరిచే శక్తి కూడా ఉందని ముందు ముందు చూస్తాం.

ఇంట్లోనే చేసి చూడదగ్గ మరో చిన్న ప్రయోగం ఉంది. పింగాణీ కప్పులో వేడినీళ్లు పోసి, ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేసి గిరగిరా కలిపి, వెంటనే చెంచాతో కప్పు అడుగున కొడుతూ వినాలి. మొదట స్వరం లోతుగా ఉంటుంది. కొడుతూ పోతే మెట్లు మెట్లుగా పైకి వస్తుంది. పొడి వెంట నీళ్లలోకి దిగిన సన్నని బుడగలు ఒక్కొక్కటే పైకి తేలి పోయేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. అమెరికా భౌతికశాస్త్రవేత్త ఫ్రాంక్ క్రాఫర్డ్ 1982లో దీనికి వివరణ రాశారు: కప్పులో శ్రుతి ఆ నీళ్లలో ధ్వని వేగాన్ని బట్టి ఉంటుంది, బుడగలు ఆ వేగాన్ని తగ్గిస్తాయి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు, మంచినీటిలో సుమారు 1,480 మీటర్లు పోతుంది. రెంటినీ సమపాళ్లలో నురగగా కలిపితే ఆ వేగం రెంటికీ నడుమ ఉండాలి కదా? ఉండదు. సెకనుకు 20 మీటర్లకు పడిపోతుంది. నీటి బరువు, గాలి మెత్తదనం రెండూ ఒకేచోట చేరడమే కారణం. ధ్వని వేగం పదార్థం ఎంత బిగువుగా ఉంది, ఎంత బరువుగా ఉంది అన్న రెంటి మీదే ఆధారపడుతుంది. నురగలో బిగువు గాలిది, బరువు నీటిది.

నీటి బిగువును ధ్వనితో కొలిచిన తొలి గొప్ప ప్రయోగం 1826 నవంబరులో జెనీవా సరస్సు మీద జరిగింది. డేనియల్ కొలాడాన్, చార్లెస్ స్టర్మ్ ఇద్దరూ జెనీవా యువకులే. ఇద్దరికీ అప్పటికి 23 ఏళ్లు. ఒక పడవ రోల్ ఊరి దగ్గర, ఇంకొకటి అవతలి ఒడ్డున తోనన్ దగ్గర నిలిపారు. నడుమ దూరం 13,487 మీటర్లు. మొదటి పడవ నుంచి నీళ్లలోకి ఒక గంట వేలాడదీశారు. దాన్ని కొట్టే సుత్తి మీటకే మంటను కూడా అమర్చారు. సుత్తి గంటను తాకిన క్షణాన్నే పడవ మీది తుపాకిమందు భగ్గున వెలిగేలా ఏర్పాటు. రాత్రి చీకట్లో ఆ వెలుగు అవతలి పడవకు కనబడగానే గడియారం మొదలవుతుంది. అక్కడ ఒకరు పొడవాటి రేకు గొట్టాన్ని నీళ్లలోకి దించి, పై కొసకు చెవి ఆనించి కూర్చున్నారు. వెలుగు కనబడ్డాక తొమ్మిది సెకన్ల పైచిలుకు గడిచేసరికి గంట వినబడింది. అది గాలిలో మోగే గంటలా సాగలేదు. రెండు కత్తులు తగిలినంత పొట్టిగా, పొడిగా వినిపించిందని కొలాడాన్ నమోదు చేశారు. ఎనిమిది డిగ్రీల చలినీటిలో ధ్వని వేగం సెకనుకు 1,435 మీటర్లని తేలింది. నేటి పరికరాలు చెప్పే విలువకూ దీనికీ తేడా అతి స్వల్పం. నీటిని నొక్కితే ఎంత అణుగుతుందన్న పరిశోధనలో ఇది ఒక భాగం. ఆ పరిశోధనకు మరుసటి ఏడాది ప్యారిస్ అకాడమీ బహుమతి దక్కింది.

అదే సరస్సు మరో రకం ఊపుకు కూడా పాఠశాల అయింది. ఒడ్డున మోర్జ్ పట్నంలో పుట్టిన ఫ్రాన్స్వా ఫొరెల్ 1869 నుంచి ఏళ్ల తరబడి నీటిమట్టాన్ని గమనిస్తూ వచ్చారు. అలలు లేని వేళల్లో కూడా సరస్సు ఒక కొసన మెల్లగా పైకి లేస్తుంది, రెండో కొసన కిందికి దిగుతుంది. కాసేపటికి ఇది తారుమారవుతుంది. సరస్సు మొత్తం ఒకే నీటిముద్దగా అటూ ఇటూ ఊగుతోందని ఫొరెల్ నిరూపించారు. ఒక పూర్తి ఊపుకు పట్టే కాలం సుమారు 73 నిమిషాలు. గాలివాన ఒకవైపు నీటిని నెట్టినా, వాతావరణ పీడనంలో తేడా వచ్చినా ఈ ఊపు మొదలవుతుంది. 1841లో జెనీవా దగ్గర నీరు మనిషెత్తుకు పైగా ఇలా లేచి దిగింది. ఎవరు ఎటు తోసినా ఉయ్యాల తన తాళంలోనే ఊగినట్టు, సరస్సు కూడా తన వ్యవధి తప్పదు. ఆ వ్యవధిని నిర్ణయించేవి రెండే: సరస్సు పొడవు, లోతు. కర్ర పట్టుకుని అడుగు దాకా దిగకుండానే, ఒడ్డున గడియారం పట్టుకుని కూర్చుని సరస్సు సగటు లోతు అంచనా కట్టవచ్చు. 1755 నవంబరు 1న పోర్చుగల్‌లోని లిస్బన్‌ను భూకంపం కూల్చినప్పుడు ఎక్కడో స్కాట్లాండ్‌లోని లోమండ్ సరస్సు గంటకు పైగా ఊగింది. ఎందుకు ఊగుతోందో ఒడ్డున ఉన్నవారికి ఆ వేళ తెలియదు. నీటికి కబురు మనుషుల కంటే ముందే అందింది.

ఈ శాస్త్రంలో తెలుగునేలకూ సొంత వాటా ఉంది. ద్రవం గుండా అతిధ్వని తరంగాలు పోతున్నప్పుడు దానిలో చిక్కటి పొరలు, పలచటి పొరలు ఒకదాని వెనుక ఒకటి ఏర్పడతాయి. ఆ పొరల్లోంచి కాంతి పోతే సన్నని గీతల జాలీలోంచి పోయినట్టే విడివడి పక్కలకు వంగుతుంది. 1935, 36 సంవత్సరాల్లో బెంగళూరులో సి.వి.రామన్, నాగేంద్రనాథ్ దీనికి సిద్ధాంతం అందించారు. రామన్ శిష్యుడు సూరి భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఈ పరిశోధనను వేళ్లూనించారు. 1940లలో ఆయన, బి.రామచంద్రరావు కలిసి ఇంకా ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర ఈ కాంతి వంపును పరిశీలించారు. చెవికి అందని ధ్వనిని కంటికి చూపించిన విద్య ఇది. ద్రవంలో అణువులు ఎంత గట్టిగా ఒకదాన్నొకటి పట్టుకున్నాయో ధ్వని వేగం ద్వారా తెలుసుకునే పద్ధతి అలా సాగరతీరంలో స్థిరపడింది. మన ఇంటర్మీడియట్ విద్యార్థులు నీళ్ల గొట్టం మీద శ్రుతిదండం మోగించి, గాలి స్తంభం ఎక్కడ గట్టిగా పలుకుతుందో వెతికి ధ్వని వేగం కట్టే ప్రయోగం కూడా ధ్వనితో కొలిచే విద్యలోదే. చాలామందికి అది మార్కుల కోసం చేసే పని. స్తంభం ఒక్కసారిగా పలికిన ఆ క్షణంలో మాత్రం ఏ పిల్లవాడి ముఖమైనా వెలుగుతుంది. ఉపాధ్యాయుడు ఆ వెలుగును పట్టుకోగలిగితే పాఠం జన్మంతా గుర్తుంటుంది.

ఆస్పత్రిలో స్కానింగ్ గది దాకా వచ్చేసరికి ఈ లెక్క ప్రాణాలు కాచే పనిముట్టు అయింది. మన శరీరంలో సింహభాగం నీరే. మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు 1,540 మీటర్లని స్కానింగ్ యంత్రం లెక్కలోకి తీసుకుంటుంది. జెనీవా సరస్సులో దొరికిన అంకెకు ఇది చుట్టమే. పొట్ట మీద ఆనించిన పరికరం నుంచి అతిధ్వని లోపలికి పోయి, తాకినచోటల్లా కొంత వెనక్కి వస్తుంది. ప్రతి సెంటీమీటరు లోతుకు రానూపోనూ కలిపి సెకనులో పది లక్షల వంతులు పదమూడు పడతాయి. ఆ వ్యవధులను దూరాలుగా మార్చి యంత్రం బొమ్మ గీస్తుంది. కదిలే రక్తాన్ని తాకి వచ్చిన ధ్వని పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది. ఆ తేడానే చెవికి వినిపించేలా చేస్తే గదిలో దడదడమని వినిపించేది పుట్టబోయే బిడ్డ గుండె. కడుపు కోయకుండా, వెలుగు చొరకుండా లోపలి కబురు బయటికి వస్తోంది. కాబోయే తల్లి ఆ చప్పుడు విని కళ్లు తుడుచుకుంటున్నప్పుడు, రెండు శతాబ్దాల కిందట చలిరాత్రి పడవలో గొట్టానికి చెవి ఆనించి కూర్చున్నవారి ఓపిక కూడా ఆ గదిలో పనిచేస్తోంది.

ఇంతటి కబుర్లు వినాలంటే ఒక షరతు ఉంది. చుట్టూ రొద తక్కువగా ఉండాలి. రొదను చికాకు కిందే లెక్కవేస్తాం. అది చేసే నష్టం అంతకంటే పెద్దది. వస్తువులు తమ గురించి చెబుతున్న సమాచారాన్ని అది చెరిపేస్తుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మన దేశంలో నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. కాగితం మీది ఆ అంకెలకూ మన వీధులకూ ఉన్న దూరం అందరికీ తెలిసిందే. మోటార్లు, హారన్లు, డీజేల మధ్య బిందె మాట, ఎసరు మాట, పక్కగదిలో పసివాడి ఊపిరి మాట వినే చెవి క్రమంగా ఆ పని మానుకుంటుంది. వాడని పనిముట్టు తుప్పుపట్టక ఏమవుతుంది?

భూమి మీద మనకు కళ్లయినా ఉన్నాయి. సముద్రంలో బతికేవాటికి ఆ ఆసరా అంతంతే. వెలుగు కొన్ని వందల మీటర్ల లోతుకే సన్నగిల్లిపోతుంది. ధ్వని మాత్రం మహాసముద్రాలను దాటుతుంది. 1960లో ఆస్ట్రేలియాలోని పెర్త్ తీరాన నీటి అడుగున పేల్చిన మందుగుండు చప్పుడు, భూగోళానికి దాదాపు ఆవలి అంచున ఉన్న బెర్ముడా దగ్గర సుమారు మూడు గంటల నలభై నిమిషాల తర్వాత వినిపించింది. దూరం దాదాపు 20 వేల కిలోమీటర్లు. తిమింగలాలు జోడు వెతుక్కునేది, తల్లీబిడ్డా కలిసి ఉండేది ఈ ధ్వనిదారుల మీదే. ఆ దారుల్లోకి ఓడలు వచ్చాయి. ఓడ పంకా వేగంగా తిరిగినప్పుడు దాని రెక్కల వెనుక పీడనం పడిపోయి నీరు ఆవిరి బుడగలుగా విచ్చుకుంటుంది. మరుక్షణం అవి కుప్పకూలుతాయి. ఎసట్లో సొద పెట్టిన బుడగే ఇక్కడ ఉక్కు రెక్కలను కొరికేస్తుంది, కిలోమీటర్ల దూరం గర్జిస్తుంది. ఈ కూలడం ఎంత ఒత్తిడి పుట్టిస్తుందో లార్డ్ రేలీ 1917లోనే లెక్క కట్టి చూపారు. కాలిఫోర్నియా తీరం దగ్గర నడిసముద్రంలో 1960ల నాటి కొలతలను నాలుగు దశాబ్దాల తర్వాతి కొలతలతో పోల్చితే తక్కువ పౌనఃపున్యాల రొద 10 నుంచి 12 డెసిబెల్స్ పెరిగింది. తీవ్రతలో అది పదింతలకు పైమాటే.

ఆ రొద తగ్గితే ఏమవుతుందో ఒక విషాద సందర్భం అనుకోకుండా చూపించింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కెనడాలోని ఫండీ అఖాతంలో కొన్నాళ్లు ఓడల రాకపోకలు పలచబడ్డాయి. నీటి అడుగున రొద ఆరు డెసిబెల్స్ తగ్గింది, అంటే తీవ్రత నాలుగో వంతుకు వచ్చింది. అక్కడి రైట్ తిమింగలాల మలంలో ఒత్తిడికి సంబంధించిన హార్మోన్ల ఆనవాళ్లు కూడా అదే రోజుల్లో తగ్గాయి. రోజలిండ్ రోలండ్ బృందం 2012లో ఈ రెండు కొలతలను పక్కపక్కన పెట్టి ప్రచురించింది. అంతకుముందు ఆ జీవులు ఏళ్ల తరబడి ఏ స్థితిలో బతుకుతున్నాయో ఆ కొద్దిరోజుల నిశ్శబ్దంతో గానీ లోకానికి తెలియలేదు.

పరిష్కారం అసాధ్యమేమీ కాదు. ఓడ వేగం తగ్గితే బుడగలు తగ్గుతాయి, రొద తగ్గుతుంది. 2017లో కెనడాలోని వాంకూవర్ రేవు అధికారులు ఓర్కా తిమింగలాలు తిరిగే జలసంధిలో 11 నాట్ల వేగంతో పోవాలని ఓడలను కోరారు. చాలా ఓడలు స్వచ్ఛందంగా పాటించాయి, నీటి అడుగున రొద తగ్గింది. నీటి అడుగు రొదను తగ్గించేందుకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలను 2023లో సవరించి మరింత స్పష్టం చేసింది. ఇలాంటి జాగ్రత్త మనకు దగ్గర్లోనూ అవసరమే: శ్రీలంక దక్షిణ తీరంలో నీలి తిమింగలాలు మేతకు చేరే నీళ్ల మీదుగా ప్రపంచంలోనే రద్దీ అయిన నౌకామార్గాల్లో ఒకటి సాగుతోంది.

మన తీరానికీ ఈ ఆలోచన అవసరమైన వేళ ఇదే. విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవులకు తోడు రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటల్లో కొత్త రేవుల పనులు చేపట్టారు. రేవు వస్తే బతుకుతెరువు వస్తుంది, దాన్ని కాదనేవారు ఉండరు. అయితే ఓడలు బారులు తీరకముందే ఒక చిన్న పని చేసిపెట్టుకోవచ్చు. ఆ నీళ్లలో మైకులు దించి, ఏడాది పొడవునా ఈ సముద్రం ఇప్పుడు ఎలా పలుకుతోందో నమోదు చేయడమే ఆ పని. వానకు ఎలా మోగుతుంది, అల విరిగితే ఎలా మోగుతుంది, రొయ్యలు, చేపలు, డాల్ఫిన్లు ఏ వేళ ఏ స్వరంలో పలుకుతాయి అన్న లెక్క ఉంటేనే రేపు ఏది పోయిందో చెప్పగలం. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. 1969 నుంచి నీటి అడుగు విద్యలో ఆరితేరిన నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల ఉంది. సునామీ హెచ్చరికలు పంపే సముద్ర సమాచార కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. తీరం వెంట కళాశాలల్లో ఏటా ధ్వని వేగం కట్టే వేలమంది పిల్లలు ఉన్నారు. పనివాళ్లకు కొదవలేదు. రేవు నిర్మాణానికి పెట్టే ఖర్చులో ఈ కొలతకు అయ్యేది లెక్కలోకి రాదు.

నీటిని మనం టీఎంసీల్లో కొలుస్తాం, దాని మంచిచెడ్డలను పరీక్షల్లో తేలుస్తాం. అది పలికే పలుకును కూడా ఇకమీదట లెక్కలో చేర్చాలి. పర్యావరణ అనుమతుల పత్రంలో చెట్లకు, చేపలకు, ఇసుకకు ఉన్నట్టే నీటి అడుగు శబ్దానికీ ఒక అధ్యాయం ఉండాలని రేవు పట్టణాల ప్రజలు అడగాలి. ఒకసారి రొద కమ్ముకున్నాక పాత స్వరం ఎలా ఉండేదో చెప్పే సాక్షి దొరకడు. ఆ సాక్ష్యాన్ని ఇప్పుడే, నీళ్లు ఇంకా తమ గొంతుతో మాట్లాడుతుండగానే రాసిపెట్టుకోవడం వివేకం.